స్కోరు 5.4, మెయింటెయినర్ ఒక్కరే: ఈ ఓపెన్ సోర్స్ ప్యాకేజీ తీసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. బెంగళూరులో లోన్లు ఇచ్చే ఒక ఫిన్‌టెక్ స్టార్టప్‌లో పనిచేస్తున్నారు. కస్టమర్లు అప్‌లోడ్ చేసే బ్యాంకు స్టేట్‌మెంట్లను, అంటే ఎక్సెల్, పీడీఎఫ్ ఫైళ్ళను చదివి లావాదేవీలు బయటికి తీసే ఒక పైథాన్ ప్యాకేజీ దొరికింది. గిట్‌హబ్‌లో స్టార్లు (నచ్చినవాళ్ళు పెట్టే గుర్తులు) నాలుగు వేలు, స్కోర్‌కార్డ్ (ప్రాజెక్టు భద్రతకు పదికి మార్కులిచ్చే టూల్) 5.4, ఆఖరి కమిట్ (కోడ్‌లో చేసిన మార్పు) పద్నాలుగు నెలల కిందట, మెయింటెయినర్ (ప్యాకేజీ బాగోగులు చూసే మనిషి) ఒక్కరే. మేనేజరు "సెక్యూరిటీ, క్వాలిటీ చూసి ఈ వారంలో సైన్-ఆఫ్ ఇవ్వు" అన్నారు. తీసుకోవచ్చా, ఏం చూసి చెప్పాలి, వద్దనుకుంటే మనమే రాసుకోవాలా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్తాను. తీసుకోవచ్చు, రెండు షరతుల మీద. ఒకటి, అది మీ మెయిన్ యాప్ ప్రాసెస్‌లో నడవకూడదు. నెట్‌వర్క్ లేని విడి కంటైనర్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన గది లాంటిది), మెమరీకీ టైముకీ పరిమితి పెట్టి నడపండి. రెండు, వెర్షన్‌ని హ్యాష్‌తో (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకెతో) సహా బిగించండి. మీరిచ్చిన నాలుగు అంకెల్లో ఏ ఒక్కటీ వద్దనడానికి చాలదు, సరే అనడానికీ చాలదు. పద్నాలుగు నెలలుగా కమిట్ లేదన్న దానికన్నా, ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపే ఫైళ్ళను అది తెరుస్తుందన్న సంగతే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది.

నేనూ ఈ ఊళ్ళోనే, సర్జాపూర్ రోడ్డు వైపు ఒక ప్రోడక్ట్ కంపెనీ సెక్యూరిటీ టీమ్‌లో ఉన్నాను. డెవలపర్లు "ఇది వాడొచ్చా" అని తెచ్చే ప్యాకేజీలు చూసి చెప్పడం నా పనిలో పెద్ద భాగం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

ముందు మీ వాడకం ఏమిటో రాసుకోండి. గిట్‌హబ్ పేజీ తెరవకముందే చేయాల్సిన పని ఇది. దీనిలోకి వెళ్ళే డేటా ఎవరిది? అది నడిచే మెషీన్‌లో ఇంకా ఏమేం ఉన్నాయి, డేటాబేస్ పాస్‌వర్డ్‌లా, క్లౌడ్ కీలా? బయటి నెట్‌వర్క్‌కి దారి ఉందా? రేపు పీకేయాలంటే కోడ్ ఎన్ని చోట్ల మార్చాలి? తేదీలను అందంగా చూపించే ఒక చిన్న లైబ్రరీ ఆఫీసు లోపలి డాష్‌బోర్డుకి కావాలంటే నేను టీ తాగేలోపు సరే అంటాను. అదే లైబ్రరీ కార్డు నంబరు టైపు చేసే పేజీలో లోడ్ అవుతుందంటే మాత్రం వెనక్కి పంపి, అది లేకుండా కుదరదా అని అడుగుతాను. బ్రౌజర్‌లో ఒక స్క్రిప్టుకి పేజీలోని మిగతా సంగతులన్నీ కనిపిస్తాయి కాబట్టి. కోడ్ అదే, తీర్పు వేరు. "ఈ ప్యాకేజీ సేఫేనా" అని నన్నెవరైనా అడిగితే, ఎక్కడ వాడతారో చెప్పేదాకా నేను జవాబు చెప్పను.

మీ విషయానికొస్తే, ఎక్సెల్ ఫైలంటే ఏమిటో ఒక్కసారి విప్పి చూడండి. ఒక ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు చివర జిప్ అని పేరు మార్చి తెరిస్తే లోపల ఫోల్డర్లు, వాటిలో షీట్1.ఎక్స్‌ఎమ్‌ఎల్, షేర్డ్ స్ట్రింగ్స్ లాంటి ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళు కనిపిస్తాయి. అంటే మీ ప్యాకేజీ జిప్ విప్పుతోంది, ఎక్స్‌ఎమ్‌ఎల్ చదువుతోంది. ఈ రెంటికీ ఏళ్ళ తరబడి తెలిసిన దాడులున్నాయి. కొన్ని కేబీల జిప్ విప్పితే జీబీలకు ఉబ్బడం ఒకటి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఒక ఎంటిటీ (వేరే పాఠానికి పెట్టే పొట్టి పేరు) లోపల పది, ఆ పదిలో ఒక్కోదానిలో మరో పది పెట్టి మెమరీ మొత్తం తినేయించే "బిలియన్ లాఫ్స్" ఇంకొకటి. బయటి ఎంటిటీ పేరుతో సర్వర్‌లోని ఫైళ్ళు చదివించడం మూడోది. పైథాన్‌లో అందరూ వాడే ఓపెన్‌పైఎక్సెల్ తన డాక్యుమెంటేషన్‌లోనే చెప్పుకుంటుంది, బిలియన్ లాఫ్స్ లాంటి ఎక్స్‌ఎమ్‌ఎల్ దాడుల నుంచి డిఫాల్ట్‌గా రక్షణ లేదు, కావాలంటే డిఫ్యూజ్డ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఇన్‌స్టాల్ చేసుకోండి అని. మీరు చూస్తున్న ప్యాకేజీ కూడా లోపల ఓపెన్‌పైఎక్సెల్‌నే వాడుతూ ఉండొచ్చు. డిపెండెన్సీల (అది ఆధారపడే ఇతర ప్యాకేజీల) జాబితాలో డిఫ్యూజ్డ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఉందా లేదా చూడండి. ఆ ఒక్క వరస చూస్తే రాసినవాళ్ళు శత్రువు పంపే ఫైలు గురించి ఆలోచించారా లేదా తెలిసిపోతుంది.

పీడీఎఫ్ వైపు మన దేశపు తిప్పలు ఇంకొకటి ఉంది. మన బ్యాంకులు పంపే స్టేట్‌మెంట్లకు పాస్‌వర్డ్ ఉంటుంది. చాలాసార్లు అది పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన తేదీ. ఆ పాస్‌వర్డ్ మీ ప్యాకేజీలోకి వెళ్ళాక ఎటు పోతుందో వెతకండి. మా దగ్గరికి ఇలాంటిదే ఒక ప్యాకేజీ వచ్చింది. స్కోరు బాగుంది, టెస్టులూ బాగున్నాయి. లోపల మాత్రం పీడీఎఫ్ తాళం తీయడానికి ఒక కమాండ్ లైన్ టూల్‌ని పిలిచి, పాస్‌వర్డ్‌ని ఆర్గ్యుమెంట్‌గా ఇస్తోంది. ఆ మెషీన్‌లో, నడుస్తున్న ప్రోగ్రాములను చూపించే పీఎస్ కమాండ్ కొట్టిన ఎవరికైనా కస్టమర్ పుట్టిన తేదీ కనిపిస్తుంది. పైగా ఎర్రర్ వస్తే ఆ కమాండ్ మొత్తాన్ని లాగ్‌లో రాస్తోంది. ఏ స్కానరూ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే దీనికి సీవీఈ నంబరు (బయటపడ్డ సెక్యూరిటీ లోపాలకు ఇచ్చే నంబరు) లేదు. కోడ్‌లో "సబ్‌ప్రాసెస్" అని వెతికితే దొరికింది.

అందుకే మొత్తం కోడ్ చదవక్కర్లేదు, చదవాల్సిన చోట్లు చదవండి. పైథాన్ అయితే నేను వెతికేవి ఇవి: సబ్‌ప్రాసెస్, ఓఎస్.సిస్టమ్, ఎవాల్, ఎగ్జెక్, పికిల్, యామల్.లోడ్, జిప్‌ఫైల్, ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్సర్లు, టెంప్ ఫైళ్ళు, నెట్‌వర్క్ కాల్స్, లాగింగ్. ఫైళ్ళు చదివే లైబ్రరీకి హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పంపే అవసరం ఎందుకు వచ్చిందో అడగండి. ఒక్కోసారి జవాబు "వాడకం లెక్కలు పంపుతున్నాం" అని ఉంటుంది. అది దొంగతనం కాకపోవచ్చు, కానీ లోన్ల కంపెనీకి పనికిరాదు.

ఇక ప్యాకేజీ పేరు. దీని మీద ఎక్కువ రాయను, కానీ వదలకండి. 2019లో పైపీఐలో (పైథాన్ ప్యాకేజీల పబ్లిక్ రిజిస్ట్రీలో) జెల్లీఫిష్ అనే మంచి ప్యాకేజీకి నకలు దొరికింది. పేరులో మొదటి చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెట్టారు, చాలా ఫాంట్లలో తేడా కంటికి ఆనదు. అది డెవలపర్ల ఎస్‌ఎస్‌హెచ్, జీపీజీ కీలు ఎత్తుకెళ్ళింది. ఇప్పుడు దీనికి తోడు ఏఐ అసిస్టెంట్లు లేని ప్యాకేజీల పేర్లు కల్పించి చెప్తున్నాయి, అదే పేరు ఎవరో ముందే రిజిస్టర్ చేసి కాచుక్కూర్చోవచ్చు. చాట్ విండో నుంచి పేరు కాపీ చేసి ఇన్‌స్టాల్ చేయకండి, ప్రాజెక్టు అసలు రిపాజిటరీ రీడ్‌మీ నుంచి రిజిస్ట్రీకి వెళ్ళండి. రిజిస్ట్రీ నుంచి రిపాజిటరీకి వెళ్ళే దారిని మాత్రం నమ్మలేం. పైపీఐలో ఎవరైనా తమ ప్యాకేజీకి ఎవరి గిట్‌హబ్ లింకైనా తగిలించుకోవచ్చు, ఆ రిపోకున్న స్టార్లన్నీ తమవే అన్నట్టు చూపించుకోవచ్చు. పైపీఐ పేజీలో ఎడమపక్కన వెరిఫైడ్, అన్‌వెరిఫైడ్ అని వివరాలను విడదీసి చూపిస్తారు, మీ ప్యాకేజీ రిపో లింకు ఏ భాగంలో ఉందో చూడండి. మీ నాలుగు వేల స్టార్లు నిజంగా దీనివేనా అన్నది అక్కడ కొంత తేలుతుంది. నిజమే అయినా నేను స్టార్లకు పెద్ద విలువ ఇవ్వను. అమ్మేవాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు.

మీరు ఇన్‌స్టాల్ చేసేది గిట్‌హబ్‌లో చూసిన కోడేనా? చాలామంది పూర్తిగా వదిలేసే చోటు ఇదే. గిట్‌హబ్‌లో కోడ్ శుభ్రంగా చదివి, పైపీఐ నుంచి ఫైలు దించుకుంటారు. ఆ రెండూ ఒకటే అని ఎవరూ హామీ ఇవ్వలేదు.

2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జడ్ (లినక్స్‌లో ఫైళ్ళు కుదించే టూల్) ఉదంతం చూడండి. 5.6.0, 5.6.1 వెర్షన్ల రిలీజ్ టార్‌బాల్‌లో (విడుదల కోసం మూటగట్టిన ఫైలులో) ఉన్న ఒక బిల్డ్ స్క్రిప్టు ముక్క గిట్ రిపాజిటరీలో లేదు. అసలు విషం టెస్టు ఫైళ్ళ పేరుతో రిపోలోనే పడి ఉంది, దాన్ని లేపే మంత్రం మాత్రం టార్‌బాల్‌లో ఉంది. 2018లో ఎన్‌పీఎమ్‌లో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల రిజిస్ట్రీలో) ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ విషయంలోనూ ఇంతే. దానిలోకి కొత్తగా చేర్చిన ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అనే డిపెండెన్సీ గిట్‌హబ్‌లో మామూలుగానే ఉంది, ఎన్‌పీఎమ్‌లో పెట్టిన మినిఫైడ్ ఫైలులో మాత్రం బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్ ఉంది.

నేను చేసేది ఇది. పైపీఐ పేజీలో "డౌన్‌లోడ్ ఫైల్స్" నుంచి వీల్ ఫైలునీ (ఇన్‌స్టాల్‌కి తయారుగా ఉన్న ప్యాకేజీ), సోర్సునీ బ్రౌజర్‌తో దించుతాను. పైథాన్ ఇన్‌స్టాలర్ అయిన పిప్‌లోని డౌన్‌లోడ్ కమాండ్ వాడను. సోర్స్ ప్యాకేజీ అయితే పిప్ దాని వివరాలు తెలుసుకోవడానికి సెటప్.పీవైని నడిపే వీలుంది. పరీక్షించడానికి దించుతున్నాం అనుకుంటూనే నడిపేసినట్టవుతుంది. వీల్ కూడా జిప్పే, విప్పి ఆ వెర్షన్ గిట్ ట్యాగ్‌తో డిఫ్ కొడతాను, అంటే తేడాలు చూస్తాను. వీల్‌లో ఉండి గిట్‌లో లేని ప్రతి ఫైలుకూ కారణం దొరకాలి. ముఖ్యంగా పీటీహెచ్ అని ముగిసే ఫైళ్ళు. వాటిలో ఇంపోర్ట్‌తో మొదలయ్యే వరస ఉంటే, మీరు ఆ ప్యాకేజీని ఇంపోర్ట్ చేయకపోయినా పైథాన్ మొదలైన ప్రతిసారీ అది నడుస్తుంది. ఎస్‌ఓ అని ముగిసే కంపైల్ చేసిన ఫైళ్ళు ఉంటే అవి ఎక్కడ, ఏ వర్క్‌ఫ్లోలో (ఆటోమేటిక్‌గా నడిచే బిల్డ్ స్క్రిప్టులో) తయారయ్యాయో వెతుకుతాను. ప్రాజెక్టు ట్రస్టెడ్ పబ్లిషింగ్ వాడుతుంటే, ఏ రిపోలోని ఏ వర్క్‌ఫ్లో నుంచి ఆ ఫైలు వచ్చిందో పైపీఐ పేజీలోనే చూపించే అటెస్టేషన్ ఉండొచ్చు. అది ఉంటే సగం పని తప్పినట్టే. లేదని మాత్రం తిరస్కరించకండి, పాత ప్రాజెక్టుల్లో చాలావాటికి లేదు.

జావాస్క్రిప్ట్ వాళ్ళకి కూడా ఒక మాట. ఎన్‌పీఎమ్ ప్యాక్ కమాండ్‌కి ప్యాకేజీ పేరు ఇస్తే ఇన్‌స్టాల్ స్క్రిప్టులు నడపకుండా టార్‌బాల్ మాత్రమే దించుతుంది. దాన్ని విప్పి ప్యాకేజ్.జేసన్‌లో ప్రీఇన్‌స్టాల్, పోస్ట్ఇన్‌స్టాల్ అన్న మాటలు చూడండి. ఫొటోల సైజు తగ్గించే ఒక ప్యాకేజీ ఇలా మా ముందుకొచ్చింది. పోస్ట్ఇన్‌స్టాల్‌లో ఒక స్క్రిప్టు, ఆ స్క్రిప్టు ఎవరిదో సొంత స్టోరేజ్ బకెట్ నుంచి తయారుగా ఉన్న బైనరీని దించుకుని ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇస్తోంది. హ్యాష్ సరిచూడటం లేదు. రాసినవాడు మంచివాడే, కంపైల్ చేసే బాధ తప్పిద్దామనుకున్నాడు. కానీ రేపు ఆయన ఆ బకెట్ పేరు వదిలేస్తే ఇంకెవరైనా దాన్ని తీసుకుని తమ బైనరీ పెట్టొచ్చు. ఆ ప్యాకేజీకి సీవీఈలు సున్నా, స్టార్లు మీదానికన్నా చాలా ఎక్కువ. మేం వద్దన్నాం.

మెయింటెయినర్ ఒక్కరే అన్నది లోపమా? ఓపెన్ సోర్స్‌లో పల్లకీ ఎక్కేవాళ్ళు వేలమంది, మోసే బోయీ తరచుగా ఒక్కడే. ఒక్కరున్న ప్రతి ప్యాకేజీనీ వద్దంటే మీ లాక్‌ఫైలులో (వాడుతున్న ప్యాకేజీల జాబితాలో) ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టి చూడండి. నేను చూసేది తలల లెక్కకన్నా, పబ్లిష్ చేసే హక్కు ఎవరి చేతిలో ఉంది, ఈ మధ్య చేతులు మారిందా అని. ఈవెంట్-స్ట్రీమ్‌లో జరిగింది అదే. అసలు రచయిత దాన్ని వాడటం మానేసి చాలా కాలమైంది, ఎవరో వచ్చి నేను చూసుకుంటానంటే ఇచ్చేశారు. ఎక్స్‌జడ్‌లో ఇంకా ఓపికగా జరిగింది. ఒంటరిగా అలసిపోయిన మెయింటెయినర్ మీద వేరే పేర్లతో కొందరు "ప్యాచ్‌లు ఎందుకు ఆలస్యం, ఇంకొకరికి హక్కులివ్వండి" అని ఒత్తిడి పెట్టారు. ఈలోగా మంచి ప్యాచ్‌లు పంపుతూ వచ్చిన జియా టాన్ అన్న పేరుకి హక్కులు దక్కాయి. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని తవ్వబట్టి గానీ, అది ఎన్ని సర్వర్లకు చేరేదో.

ఇక్కడ గమనించారా, ఎక్స్‌జడ్‌ను స్కోరుకార్డులతో చూస్తే ఆ రోజుల్లో అది ఇదివరకటికన్నా చురుగ్గా కనిపించేది. ఇద్దరు మెయింటెయినర్లు, వరసగా రిలీజులు. అందుకే మీ ప్యాకేజీ పద్నాలుగు నెలలుగా కదలకపోవడం నాకు పెద్ద భయం కలిగించదు. ఫైల్ ఫార్మాట్లు రోజూ మారవు, పని పూర్తయిన కోడ్ అంటూ ఒకటుంటుంది. పద్నాలుగు నెలలు ఊరుకుని ఉన్నట్టుండి కొత్త పేరుతో ఒక రిలీజ్ వస్తే, భయపడాల్సింది ఆ రోజు.

మౌనానికి అర్థం తెలుసుకునే దారి ఒకటుంది. ఇష్యూల జాబితాను "సెక్యూరిటీ", "క్రాష్" అన్న మాటలతో వెతకండి. ఎవరైనా గట్టి సమస్య చెప్పినప్పుడు జవాబు వచ్చిందా? ఫీచర్లు అడిగినవాళ్ళకు జవాబివ్వకపోయినా నాకు బాధ లేదు. పాడైన ఫైలు పెడితే మెమరీ అయిపోతోందని ఎవరో చెప్పి, ఏడాదైనా ఉలుకూ పలుకూ లేకపోతే మాత్రం ఆ ఇల్లు ఖాళీ అయిందని అర్థం. రిపోలో సెక్యూరిటీ పాలసీ ఫైలుంటే ఆ చిరునామాకు మర్యాదగా ఒక మెయిల్ రాయండి, మేం వాడాలనుకుంటున్నాం, ఫలానా సందేహం ఉంది అని. రెండు వాక్యాల జవాబొచ్చినా మీ నివేదికకు అది స్కోరుకన్నా బలమైన ఆధారం.

స్కోర్‌కార్డ్ సంగతి. ఓపెన్ సోర్స్ భద్రత కోసం పనిచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ వాళ్ళ ఈ టూల్ ఒక్కో అంశానికి సున్నా నుంచి పది దాకా ఇచ్చి, బరువులు కట్టి ఒక అంకె తేలుస్తుంది. ఆ అంకెను మీ మేనేజరుకు చూపించకండి, అంశాలవారీ పట్టిక చూపించండి. "మెయింటెయిన్డ్" అన్న అంశం గత 90 రోజుల కదలికను చూస్తుంది, కాబట్టి మీదానికి అక్కడ సున్నా వచ్చి ఉంటుంది. కోడ్ రివ్యూ అంశంలో ఒంటరి మెయింటెయినర్‌కి మార్కులు రావు, ఆయన ప్యాచ్‌ని ఆయనే ఎలా రివ్యూ చేసుకుంటారు? ఈ రెంటి వల్ల వచ్చిన 5.4 అయితే నాకు అభ్యంతరం లేదు. "డేంజరస్ వర్క్‌ఫ్లో", "టోకెన్ పర్మిషన్స్", "బైనరీ ఆర్టిఫాక్ట్స్" దగ్గర మార్కులు పోయి ఉంటే అక్కడ ఆగండి. బయటివాడు పంపిన పుల్ రిక్వెస్ట్‌తో (కోడ్ మార్పు ప్రతిపాదనతో) రిలీజ్ టోకెన్ (పబ్లిష్ చేసే తాళంచెవి) లాగేయగల వర్క్‌ఫ్లో ఉంటే మెయింటెయినర్ ఎంత నిజాయితీపరుడైనా లాభం లేదు. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ళ చేంజ్డ్-ఫైల్స్ అనే గిట్‌హబ్ యాక్షన్‌ను (వర్క్‌ఫ్లోలో వాడే రెడీమేడ్ ముక్కను) ఆక్రమించినప్పుడు, దాన్ని వాడే ప్రాజెక్టుల రహస్యాలు బిల్డ్ లాగుల్లోకి వచ్చేశాయి. పాపం ఆ ప్రాజెక్టుల కోడ్‌లో తప్పేమీ లేదు.

సీవీఈలు చూడటం సులువు, అందుకే అందరూ అదొక్కటే చేసి ఆపేస్తారు. పిప్-ఆడిట్ గానీ ఓఎస్‌వీ-స్కానర్ గానీ నడపండి, డిపెండెన్సీల డిపెండెన్సీలతో సహా. ఫలితం సున్నా వస్తే సంబరపడకండి. చిన్న ప్యాకేజీలకు సీవీఈ లేకపోవడానికి మామూలు కారణం, ఎవరూ వెతకకపోవడం. పాత సీవీఈ ఉంటే నాకు నిజానికి సంతోషం, వాళ్ళు దాన్ని ఎలా ఎదుర్కొన్నారో చూడొచ్చు కదా. చెప్పిన తేదీకి, సరిచేసిన తేదీకి ఎంత దూరం? సరిచేసిన కమిట్‌తో పాటు ఒక టెస్టు చేర్చారా? చేంజ్‌లాగ్‌లో దాచకుండా రాశారా? జావాలో లాగులు రాసే లాగ్4జే లైబ్రరీ చూడండి, 2021 డిసెంబరులో లాగ్4షెల్ అనే లోపం బయటపడ్డాక 2.15, 2.16, 2.17 అని వరసగా రిలీజులు ఇవ్వాల్సి వచ్చింది, మొదటి ప్యాచ్‌తో రంధ్రం పూర్తిగా పూడలేదు. కానీ వాళ్ళు దాచలేదు, వెంటవెంటనే ఇచ్చారు, అడ్వైజరీలు మార్చి రాశారు. అలాంటి టీమ్ మీద నా నమ్మకం పెరిగింది.

క్వాలిటీకి నా పరీక్ష ఒక్కటే: చెడ్డ ఫైలు పెట్టి చూడటం. కవరేజ్ శాతాలు, బ్యాడ్జీలు పక్కన పెట్టండి. నెట్‌వర్క్ లేని కంటైనర్‌లో ప్యాకేజీని పెట్టి, సగం కోసేసిన పీడీఎఫ్, ఎక్సెల్ అని పేరు మార్చిన ఫొటో, ఒక్క లావాదేవీ కూడా లేని స్టేట్‌మెంట్, తెలుగులోనో కన్నడలోనో పేరున్న ఫైలు, ఉబ్బే జిప్ ఇవ్వండి. ఎర్రర్ ఇచ్చి ఆగితే మంచిది. ఏమీ తెలియనట్టు ఖాళీ జాబితా ఇస్తే అది క్రాష్ కన్నా ప్రమాదం. మీది లోన్ల వ్యాపారం, ఈఎమ్ఐలు కనపడని స్టేట్‌మెంటు చూసి మీ సిస్టమ్ "ఈయనకు అప్పులేమీ లేవు" అని తేల్చేస్తుంది. లక్షల కామాలు కూడా చూడండి. 1,25,000 అన్న అంకెను 1,25 దగ్గర తెంచేసే పార్సర్లు ఉంటాయి, అవి మన అంకెల పద్ధతి ఎరగనివాళ్ళు రాసినవి. సెక్యూరిటీ అడిగితే క్వాలిటీ చెప్తున్నానేంటి అనుకోకండి, ఆడిట్‌లో మీరు జవాబు చెప్పుకోవాల్సింది రెంటికీ.

లైసెన్సు గురించి క్లుప్తంగా: ఎమ్ఐటీ, అపాచీ, బీఎస్‌డీ అయితే నడవండి. ఏజీపీఎల్ (కోడ్ బయటపెట్టే షరతున్న లైసెన్సు) ఉంటే లీగల్ వాళ్ళను అడక్కుండా కదలకండి, అది ప్యాకేజీలో కాకుండా దాని డిపెండెన్సీలో ఉన్నా సరే. పీడీఎఫ్ లైబ్రరీల్లో ఇది తరచుగా ఎదురవుతుంది, పైమ్యూపీడీఎఫ్ ఏజీపీఎల్ లేదా కమర్షియల్ లైసెన్సు కింద వస్తుంది. పైకి ఎమ్ఐటీ అని రాసుకుని లోపల దాన్ని పిలిచే ప్యాకేజీలను నేను చూశాను.

తీసుకున్నాక చేయాల్సిన పని కూడా సైన్-ఆఫ్‌లో రాయండి, లేకపోతే ఎవరూ చేయరు. రిక్వైర్‌మెంట్స్ ఫైలులో హ్యాష్‌లు పెట్టి, హ్యాష్ లేనిదేదీ ఇన్‌స్టాల్ కాకుండా పిప్‌కి చెప్పండి. కొత్త వెర్షన్ వచ్చిన రోజే ఎక్కించకండి, కొన్ని రోజులు ఆగండి. 2025 సెప్టెంబరులో మెయింటెయినర్‌ని ఫిషింగ్ మెయిల్‌తో మోసగించి చాక్, డీబగ్ లాంటి ఎన్‌పీఎమ్ ప్యాకేజీల్లో చెడ్డ వెర్షన్లు పెట్టినప్పుడు గంటల్లోనే పట్టేసి తీసేశారు. కాస్త ఆగినవాళ్ళకు ఏమీ కాలేదు. తెలిసిన సెక్యూరిటీ ప్యాచ్ అయితే మాత్రం ఆగొద్దు, ఆ తేడాను రాసిపెట్టండి. ఎస్‌బామ్ (వాడిన ప్యాకేజీలు, వెర్షన్ల జాబితా) తయారు చేసి దాచండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి. శుక్రవారం సాయంత్రం సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఉండగా ఫోనొస్తే "ఆ వెర్షన్ మన దగ్గర ఎక్కడెక్కడ ఉంది" అన్నదానికి జవాబు ఫోనులోనే వెతుక్కోగలగాలి. ఇంకా, ఆ ప్యాకేజీకి ఓనరుగా ఒక మనిషి పేరు రాయండి. "బ్యాకెండ్ టీమ్" అని రాస్తే ఎవరూ లేనట్టే.

వద్దనుకుంటే మనమే రాసుకోవాలా అన్నారు. పీడీఎఫ్ పార్సర్ అయితే రాసుకోవద్దు, మీరు రాసేదానిలో ఇవే బగ్గులుంటాయి, చూసేవాళ్ళు ఇంకా తక్కువ. ఎక్సెల్‌లో మీకు కావాల్సింది రెండు మూడు బ్యాంకుల కాలమ్స్ మాత్రమే అయితే, ఓపెన్‌పైఎక్సెల్, డిఫ్యూజ్డ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ మీద కొన్ని వందల లైన్లు రాసుకుని ఈ ప్యాకేజీని పక్కన పెట్టడం మంచి దారే.

మధ్యేమార్గం ఫోర్క్, అంటే కోడ్ కాపీ తీసుకుని విడిగా నడుపుకోవడం. మెయింటెయినర్ జవాబివ్వకపోతే, మీకు నచ్చిన వెర్షన్ని కంపెనీ రిజిస్ట్రీలోకి తెచ్చుకుని, మీ సొంత ప్యాచ్‌లు వేసుకోండి. పేరు మాత్రం మార్చండి, ఆ పేరు పబ్లిక్ రిజిస్ట్రీలో ఎవరిదీ కాకుండా చూడండి, వీలైతే అక్కడ మీరే ముందుగా పట్టి ఉంచండి. 2021లో అలెక్స్ బిర్సాన్ అనే పరిశోధకుడు పెద్ద పెద్ద కంపెనీల లోపలి ప్యాకేజీల పేర్లతోనే పబ్లిక్ రిజిస్ట్రీల్లో ప్యాకేజీలు పెట్టి, అవి ఆ కంపెనీల మెషీన్లలో నడిచేలా చేసి చూపించాడు. పిప్‌కి ఎక్స్‌ట్రా-ఇండెక్స్-యూఆర్‌ఎల్ అన్న ఆప్షన్ ఇస్తే అది రెండు చోట్లా వెతికి ఏ వెర్షన్ పెద్దదైతే దాన్ని తెచ్చుకుంటుంది, మీ రిజిస్ట్రీకి ముందు వరస అంటూ ఏమీ ఇవ్వదు. మీ బిల్డ్ కాన్ఫిగ్‌లో ఆ ఆప్షన్ ఉంటే తీసేసి, ఇండెక్స్-యూఆర్‌ఎల్ ఒక్కటే ఉంచి, పబ్లిక్ ప్యాకేజీలు కూడా మీ రిజిస్ట్రీ ద్వారానే వచ్చేలా పెట్టండి. ఈ మార్పు ఈ ప్యాకేజీ తీసుకున్నా మానినా ఈ వారంలోనే చేయొచ్చు.